నడుమంత్రపు నొప్పి

మూటలు మోసేవాళ్లకు నడుం నొప్పి వచ్చిందంటే అర్థముంది. చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో, వేళ్లు తప్ప ఒళ్లు కదపకుండా పనిచేసేవాళ్లకు ఎందుకొస్తోంది? సగం జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది!

పొద్దున్నే పళ్లు తోముకుంటూ వాష్‌బేసిన్ మీదికి వంగాను. అంతే... నడుం దగ్గర కలుక్కుమంది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. నోట్లో నురుగుతోనే బేసిన్ అంచు పట్టుకుని ఐదు నిమిషాలు అలా వంగే ఉండిపోయాను. 2022 జూన్ నాటి మాట. పోనీ ఏదైనా బరువెత్తానా అంటే, చేతిలో ఉన్నది టూత్‌బ్రష్!

అసలు కథ రెండేళ్ల ముందే మొదలైందని తర్వాత అర్థమైంది. 2020 లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంటికొచ్చేసింది. డైనింగ్ టేబులే డెస్కు. అక్కడ కుదరకపోతే మంచమ్మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని టైపు చేయడం. ఆఫీసులో ఉన్నప్పుడు కనీసం టీ కోసమో, పేజీ ప్రూఫు కోసమో పదిసార్లు లేచేవాళ్లం. ఇంట్లో టీ కూడా టేబుల్ దగ్గరికే వచ్చేది.

విషయం తెలియగానే ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. ఉప్పు మూటతో కాపడం పెట్టాలని అమ్మ, వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసుకోవాలని అత్తయ్య. ఊళ్లో ఉన్న నానమ్మ ఫోన్‌లోనే తేల్చేసింది. ‘‘ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని పిలిచి నడుమ్మీద తన్నించుకోరా, ఇట్టే పోతుంది’’ అని. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో అలాంటివాణ్ని ఎక్కడని వెతకను? నాన్న మాత్రం మాటల మనిషి కాదు. సాయంత్రానికల్లా పరుపు తీయించి చెక్క బల్ల వేయించారు. నెలరోజులు మంచం దిగొద్దన్నారు. ఆయనకు ముప్ఫై ఏళ్ల కిందట డాక్టరు చెప్పింది అదేనట.

నొప్పిని ఎలాగో ఓర్చుకున్నాను. భయపెట్టింది మాత్రం స్కాన్ రిపోర్టు. ఓ ఆసుపత్రిలో వెళ్లీ వెళ్లగానే ఎమ్మారై రాశారు. అందులో ‘డిస్క్ బల్జ్’ అని ఉంది. అదీ రెండు చోట్ల. ఇక ఈ నడుం ఇంతేనా? కూర్చుని రాసే ఉద్యోగం చేయగలనా? అప్పటికి మా పాపకు రెండేళ్లు. రెండు వారాలుగా దాన్ని ఎత్తుకోలేదు. చేతులు చాపుకుంటూ వస్తే ‘నాన్నకు ఉవ్వీ’ అని పంపించేసేవాళ్లు. ఇక ఎప్పటికీ ఎత్తుకోలేనేమో అన్నదే నా అసలు బెంగ.

రిపోర్టు చూసి బెదిరిపోవద్దు

ఆ బెంగతోనే మరో వైద్యుణ్ని కలిశాను. ఆయన ఫిల్ము కన్నా ముందు నా కాళ్లు చూశారు. పడుకోబెట్టి కాలు పైకెత్తించారు, మడమల మీద నడిపించారు, స్పర్శ ఎలా ఉందో చూశారు. తర్వాతే ఫిల్ము. నరం మీద ఒత్తిడి లేదని చెప్పి, ఆ ‘బల్జ్’ గురించి మర్చిపొమ్మన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. పత్రికవాణ్ని కదా, తవ్వడం మొదలుపెట్టాను.

అమెరికాలో 1994లో ఓ అధ్యయనం వెలువడింది. నడుం నొప్పి లేని 98 మందిని పిలిచి ఎమ్మారై తీశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి ఉంది! ఏ తేడా లేని వెన్ను ఉన్నది 36 శాతం మందికే. అంటే దారినపోయే ఆరోగ్యవంతుణ్ని పట్టుకుని స్కాన్ తీసినా నాకొచ్చినలాంటి రిపోర్టే రావచ్చన్నమాట. జుట్టు నెరిసినట్టు, వయసుతోపాటు డిస్కుల్లో మార్పులు వస్తుంటాయి. నడుం నొప్పుల్లో దాదాపు 90 శాతం ఫలానా చోట ఫలానా దెబ్బ అని చూపించలేనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొద్ది వారాల్లో బాగా తగ్గుముఖం పడుతుంది. ప్రమాద సూచనలేవీ లేకపోతే మొదటిరోజే స్కాన్‌కు పరుగెత్తక్కర్లేదన్నది అందుకే.

ఇక నాన్న వేయించిన బల్ల సంగతి. 1986లో అమెరికా వైద్యులు రోగుల్లో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. ఏడు రోజులు పడుకున్నవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు, సెలవులు ఎక్కువ ఖర్చవడం తప్ప. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి నగర ఉద్యోగులపై చేసిన పరిశీలన ఇంకో అడుగు ముందుకేసింది. మంచమెక్కినవాళ్ల కన్నా, ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. గట్టి పరుపు సిద్ధాంతం కూడా నిలవలేదు. స్పెయిన్‌లో దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందితో చేసి, 2003లో ప్రచురించిన అధ్యయనంలో బాగా గట్టి పరుపుల కన్నా మధ్యస్తంగా గట్టిగా ఉన్నవే మేలనిపించుకున్నాయి. ఈ మాట నాన్నకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

కూర్చుంటే ఏమవుతుంది?

వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు 23. పెద్దయ్యాక వాటి లోపలికి రక్తనాళాలు వెళ్లవు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే వాటికి ఆధారం. పగలంతా ఒంటి బరువుకు నీళ్లు పిండుకుపోయి, రాత్రి పడుకున్నప్పుడు మళ్లీ పీల్చుకుంటాయి. పొద్దుటికీ సాయంత్రానికీ మనం సుమారు ఓ సెంటీమీటరు పొట్టవుతామంటే నమ్ముతారా? నిద్ర లేచేసరికి డిస్కులు నిండుగా ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడు ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. నా టూత్‌బ్రష్ రహస్యం అదీ!

నిటారుగా కూర్చోవాలని బళ్లో మాస్టారు దగ్గర్నుంచి అందరూ చెప్పేదే. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటి కన్నా కూర్చున్నప్పుడే ఎక్కువని తేల్చారు. చాలాకాలం అదే వేదం. 1999లో జర్మనీ పరిశోధకులు ఓ ఆరోగ్యవంతుడి డిస్కులో సెన్సర్ అమర్చి మళ్లీ కొలిచారు. ఒక్క మనిషి మీద చేసినదే అయినా ఫలితం ఆసక్తికరం. వెన్ను బిగదీసి కూర్చున్నప్పటితో పోలిస్తే, కుర్చీలో వెనక్కి జారగిలబడినప్పుడు ఒత్తిడి సగమే ఉంది. అలాగని రోజంతా జారగిలబడమని కాదు. భంగిమ ఏదైనా గంటల తరబడి అందులోనే బిగుసుకుపోతే కండరాలు మొరాయిస్తాయి. వీటికి తోడు డెడ్‌లైన్ ఒత్తిడి, అరకొర నిద్ర. నొప్పి అన్నది ఎముకల్లో మాత్రమే పుట్టదు.

కాబట్టి వేలు పోసి కుర్చీ కొనేముందు కాస్త ఆగండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన చిక్కల్లా తెర, కీబోర్డు అతుక్కుని ఉండటమే. తెర కళ్లకు కుదిరితే చేతులు లేపాలి, కీబోర్డు చేతులకు కుదిరితే మెడ వంచాలి. కింద పాత వారపత్రికల కట్ట పెట్టి తెర పై అంచును కళ్ల ఎత్తుకు తెచ్చి, విడిగా ఓ కీబోర్డు, మౌస్ తగిలించుకుంటే సరి. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి. పాదాలు నేలకు ఆనకపోతే (మన ఆడవాళ్లకు చాలా కుర్చీలతో ఇదే బాధ) వంటింటి పీట వేసుకోండి. నడుం వంపులో తువ్వాలు చుట్టి పెట్టుకోవచ్చు. అన్నింటికన్నా ముఖ్యం, అరగంటకోసారి లేవడం. నేను నీళ్ల సీసా తీసేసి చిన్న గ్లాసు పెట్టుకున్నాను. దాహమేసినప్పుడల్లా లేవక తప్పదు. ఫోనొస్తే నడుస్తూ మాట్లాడతాను. ఇంట్లోవాళ్లు మొదట్లో నవ్వారు.

మరి బామ్‌లు? తెలుగు పత్రికలకూ నొప్పి మందుకూ చుట్టరికం పాతదే. 1893లో అమృతాంజనం తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. రాసుకుంటే ఆ చురుకుకు ధ్యాస మళ్లి కాసేపు హాయిగా ఉంటుంది. వేడి కాపడమూ అంతే. తప్పేం లేదు, నడవడానికి అది ఊతమిస్తే మంచిదే. నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా రోజుల తరబడి మింగొద్దు. కడుపుకూ కిడ్నీలకూ చేటు.

పైసా ఖర్చులేని మందు

నడుం నొప్పిలో విసిగించేది, తగ్గాక మళ్లీ రావడం. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో ప్రచురించిన ఓ అధ్యయనం దీని మీదే. నొప్పి తగ్గినవాళ్లలో సగంమందికి ఫిజియోథెరపిస్టులు నడక అలవాటు చేశారు. మెల్లగా పెంచుకుంటూ ఆరు నెలల్లో వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చేరడం లక్ష్యం. నడవనివాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 112 రోజులు పడితే, నడిచినవాళ్లకు 208 రోజులు పట్టింది. నొప్పి మాయమైపోలేదు, గడువు మాత్రం దాదాపు రెట్టింపైంది. నా అనుభవమూ అలాంటిదే. నడక మానేసిన రెండుసార్లూ తిరగబెట్టింది.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఈ కబుర్లన్నీ పక్కన పెట్టేయాలి. మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు పట్టుతప్పుతున్నా... అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరంతోనో, బరువు తగ్గుతూనో వచ్చే నొప్పి, పడుకున్నా వదలని నొప్పి, కింద పడ్డాక వచ్చింది, గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు వచ్చింది, వీటినీ ఉపేక్షించకూడదు.

ఇంతకీ పాపను ఎత్తుకోవచ్చా? ఆ జర్మనీ పరిశోధనలోనే దానికీ లెక్క ఉంది. 20 కిలోల బరువును నడుం వంచి ఎత్తినప్పుడు డిస్కులో ఒత్తిడి 2.3 మెగాపాస్కల్స్, మోకాళ్లు మడిచి ఒంటికి దగ్గరగా ఎత్తితే 1.7. మా పాప అప్పటికి 11 కిలోలే. ఆరో వారంలో గొంతుక్కూర్చుని, దాన్ని ఛాతీకి ఆనించుకుని, మెల్లగా లేచాను. ఏమీ కాలేదు. ఇప్పుడది బడికెళ్తోంది, ఎత్తుకుంటానంటే సిగ్గుపడుతోంది.

నాన్న చేయించిన బల్ల మేడ మీదికి చేరింది. దాని మీద అమ్మ వడియాలు పెడుతోంది.