గాజు తొట్టిలో చేపలకు నీటి వేడి ఎంత ఉండవలెను?

పిల్లలు ముచ్చటపడిరని మీరు పట్నము నుండి గాజు తొట్టిని, నాలుగు రకముల చేపలను తెచ్చి వసారాలో పెట్టితిరనుకొందము. సంక్రాంతి వెళ్ళువరకు అవి బాగుగనే తిరిగినవి. మే నెలలో ఒకనాటి మధ్యాహ్నము చూచుసరికి అన్నియు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నవి. నీరు చెడినదని తలచి, వెంటనే చల్లని బావినీరు తోడి తొట్టినిండ పోసితిరి. తెల్లవారుసరికి సగము చేపలు తేలినవి.

చేపకు మనవలె సొంతముగా ఒంటివేడి లేదు. నీరెంత వేడియో చేపయు దాదాపు అంతే. వేడి పెరిగిన కొలది దానికి ప్రాణవాయువు ఎక్కువ కావలెను. నీటిలో మాత్రము అది తగ్గును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలువగలదు. 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ ఇబ్బందిలో ఉన్న చేపపై ఒక్కసారిగా చల్లని నీరు పోయుట పుండుపై కారము చల్లినట్లే.

ఉష్ణదేశపు చేపలను కలిపి పెంచు తొట్టికి 24 నుండి 27 డిగ్రీలు అనుకూలము. కాని మన వేసవిలో ఆ అంకెను నిలుపుట కష్టము. కనుక ముందు ధర్మామీటరు కొనుడు, చేపలను తరువాత కొనవచ్చును. తొట్టిలో నీరు మాత్రమే పోసి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నము మూడు గంటలకు ఒకసారి చూచి, వారము రోజులు వ్రాసికొనుడు. ఎండకాలపు లెక్క మరీ ముఖ్యము.

గోల్డుఫిష్ చల్లని నీటి చేప. డిస్కస్‌కు 28 డిగ్రీలకు పైన కావలెను. అంగడివారు ఏమి చెప్పినను ఈ రెంటిని ఒకే తొట్టిలో వేయకుడు. నియాన్ టెట్రా చూచుటకు ముచ్చటైనదే గాని మన వేసవికి తగినది కాదు. గప్పీ, మోలీ, గౌరామి 30 డిగ్రీల వరకు ఓర్చుకొనును. గౌరామి మన కొరమీను వలె పైకి వచ్చి గాలి పీల్చగలదు. మన ఇండ్లకు నేను మొదట చెప్పునది అదియే.

వేసవిలో తొట్టిని ఎండ తగులని చోట ఉంచి, మూత కొంచెము తీసి, నీటిపైకి ఫ్యాను గాలి తగులనీయుడు. కుండలో నీరు చల్లబడునట్లే ఇదియు రెండు మూడు డిగ్రీలు తగ్గును. కోస్తా ఉక్కపోతలో ఈ ఉపాయము అంతగా పనిచేయదు. గాలి బుడగల మోటారు ఆపకుడు, మేత తగ్గింపుడు. మంచుగడ్డలు వేయవద్దు.

ఆదిలాబాదు వంటి చోట్ల చలికాలపు రాత్రులలో హీటరు అవసరము. లీటరుకు ఒక వాటు చొప్పున, తానై ఆగునది చాలును. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు కరెంటు తీయుట మరువకుడు. నీరు హఠాత్తుగా చల్లబడిన తరువాత ఒంటిపై ఉప్పురవ్వ వంటి తెల్లచుక్కలు కనబడినచో అది రోగము. ఆ చేపను వేరుచేసినంత మాత్రమున చాలదు, తొట్టి అంతటికి మందు వేయవలెను.

నీరు మార్చునపుడు నాలుగవ వంతుకు మించకుండ, అదే వేడిగల నీరు పోయుడు. కొత్త చేపలను తెచ్చినపుడు సంచిని విప్పకుండ పావుగంట తొట్టినీటిలో తేలనిచ్చి, ఆ పిమ్మట వదలుడు.