ల్యాప్‌టాప్‌లో వైఫై పోయినప్పుడు తల్లిదండ్రులు చేయదగినవి

విద్యార్థి గల యింట నేడు పలకాబలపములతో పాటు ల్యాప్‌టాప్ కూడ నొక విద్యాపరికరమైనది. అన్యభాషా రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనవంటి వారికి దాని యుపయోగము మఱింత యధికము. అంగడిలో తెలుగు పుస్తకము దొరకుట యరుదైన యూళ్లలో, పిల్లవాడు తెలుగు నిఘంటువును చూడవలెనన్నను, తెలుగు వికీపీడియా చదువవలెనన్నను ఆ పెట్టెయే గ్రంథాలయము. అట్టి దానికి ఒకనాటి రాత్రి నవీకరణ జరిగి, తెల్లవారుసరికి వైఫై కనబడకుండ పోయినచో ఇంటిల్లిపాదికిని దిక్కు తోచదు.

మా యింట నిట్లే జరిగినది. విండోస్ 10 నుండి విండోస్ 11నకు మార్చిన మఱునాడు వైఫై గుర్తే మాయమైనది. మరమ్మతు దుకాణమునకు గొనిపోగా, “లోపలి కార్డు చెడినది, లేదా అంతయు తుడిచి మరల వేయవలెను” అనిరి. మా అమ్మాయి రెండేండ్లుగా వ్రాసికొన్న తెలుగు వ్యాసములు, నాయనమ్మ చెప్పగా టైపు చేసిన కథలు అందులోనే యున్నవి. వేఱొక ప్రతి లేదు. తుడిపించుటకు మన సొప్పక పెట్టెను ఇంటికి తెచ్చుకొంటిమి. తుదకు కార్డు చెడలేదు, కథలును పోలేదు. ఒక డ్రైవరును సరిచేయుటతోనే పని నెరవేరినది. ఆ యనుభవమున నేర్చిన క్రమమును తోడి తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

కారణమేమి?

ల్యాప్‌టాప్‌లో వైఫై తరంగముల నందుకొను చిన్న భాగ మొకటి కలదు. యంత్రమునంతటిని నడపు విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమ్ వేఱు. ఈ రెండును సూటిగా మాటలాడుకొనలేవు. నడుమ ‘డ్రైవర్’ అను చిన్న ప్రోగ్రాము వలయును. వెనుకటి కుంఫిణీ కాలమున చెన్నపట్టణమున దొరలకును వర్తకులకును నడుమ దుబాసి యుండెడివాడు గదా! డ్రైవరు అట్టి దుబాసి. దొర మాఱి, క్రొత్త దొర పలుకుబడి దుబాసికి పట్టుబడకున్న వర్తకము నిలిచిపోవును. అంతమాత్రమున వర్తకుడు మూగవాడైనాడని యెవ్వరు ననరు. నవీకరణానంతరము వైఫై పోవుట తఱచుగా నిట్టిదే. యంత్రభాగము చెక్కుచెదరదు, దుబాసికే తడబాటు.

ఇది మన చేతి దోషము కాదనుటకు నిదర్శనములు గలవు. 2015లో విండోస్ 10 వెలువడినప్పుడు, కార్యాలయముల పనికై వాడు కొన్ని పాత వి.పి.ఎన్. ప్రోగ్రాములు ఉన్న యంత్రములలో నవీకరణ తరువాత వైఫై జాబితాయే కనబడకుండ పోయినది. 2023 డిసెంబరులో విండోస్ 11నకు వచ్చిన యొక సవరణ వలన విద్యాసంస్థల, కార్యాలయముల వైఫైతో కొన్ని యంత్రములు కలియలేకపోయినవి. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ లోపము నంగీకరించి సరిదిద్దినది.

మొదట చూడవలసినవి

ఇంటి వైఫైకి మీ ఫోను కలియుచున్నదా యని ముందు చూడవలెను. ఫోనునకును అందనిచో దోషము రౌటరుదో, సేవ నిచ్చువారిదో గాని ల్యాప్‌టాప్‌ది కాదు. ఫోనునకు అందుచు ల్యాప్‌టాప్‌నకు మాత్రమే అందనిచో ముందునకు సాగవలెను.

ల్యాప్‌టాప్‌లో ‘ఎయిర్‌ప్లేన్ మోడ్’ తెఱచియున్న వైఫై మూతపడును. కొన్ని యంత్రములలో కీబోర్డు పైవరుసలో విమానపు గుర్తో, వైఫై గుర్తో గల మీట యుండును. పొరపాటున వ్రేలు తగిలినను వైఫై ఆగును. ఈ రెంటిని ముందుగా పరీక్షింపవలెను.

పిదప యంత్రమును ‘రీస్టార్ట్’ చేయవలెను. ‘షట్ డౌన్’ చేసి తిరిగి వెలిగించుటయు నిదియు నొకటే యని పలువురు తలంతురు, అది పొరపాటు. ‘ఫాస్ట్ స్టార్టప్’ అను ఏర్పాటున్న యంత్రములలో, షట్ డౌన్ చేసినను విండోస్ తన స్థితిలో కొంత భాగమును దాచుకొని, మరల వెలిగించినప్పుడు దానినే పైకి తీయును. రీస్టార్ట్ చేసినప్పుడే అన్నియు మొదటి నుండి మొదలగును. ఈ యొక్క పనితోనే వైఫై తిరిగి వచ్చుటయు కలదు.

దుబాసిని పరీక్షించుట

అంతటితో కుదురనిచో, ‘స్టార్ట్’ గుర్తుపై మౌసు కుడి మీట నొత్తి ‘డివైస్ మేనేజర్’ తెఱువవలెను. అందు ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ అను శీర్షిక క్రింద ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ వంటి పేరుతో వైఫై భాగము కనబడవలెను. దాని ప్రక్క పసుపుపచ్చని త్రికోణ మున్నచో, లేదా అది ‘అదర్ డివైసెస్’ అను శీర్షిక క్రిందికి పోయినచో, డ్రైవరునందే దోషమున్నదని యెంచవచ్చును.

ఆ పేరుపై రెండుమార్లు నొక్కి, ‘డ్రైవర్’ అను పుటలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అనునది పనిచేయు స్థితిలో నున్నదేమో చూడుడు. ఉన్నచో పాత డ్రైవరు తిరిగి వచ్చును. అది వెలవెలబోయి కనబడినచో పాతది యంత్రమున లేదని యర్థము. అప్పుడు ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి, డ్రైవరును గూడ తొలగించుమను గడిలో గుర్తు పెట్టక, యంత్రమును రీస్టార్ట్ చేయవలెను. విండోస్ ఆ భాగమును క్రొత్తగా గుర్తించి, తనయొద్ద నున్న డ్రైవరును దానికి అమర్చును.

అప్పటికిని కానిచో సరియైన డ్రైవరును ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొనవలెను. ఇంటర్నెట్టే లేనప్పుడు తెచ్చుట యెట్లు? ఇచ్చటనే పలువురు నిరాశ చెంది దుకాణమునకు పోవుదురు. కాని ఉపాయము మన చేతిలోని ఫోనులోనే కలదు. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు తీగతో ల్యాప్‌టాప్‌నకు తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లోని హాట్‌స్పాట్ విభాగమున ‘యు.ఎస్.బి. టెథరింగ్’ తెఱచినచో, ఫోనులోని ఇంటర్నెట్టు వైఫైతో పనిలేకయే తీగ గుండ ల్యాప్‌టాప్‌నకు చేరును. ఆ తీగ చార్జింగుకే గాక సమాచారము పంపుటకును పనికివచ్చునది కావలెను.

పిమ్మట ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో ‘విండోస్ అప్‌డేట్’, అందు ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, అందు ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ తెఱచిన తగిన డ్రైవరు లభింపవచ్చును. లేనిచో, యంత్రము అడుగున ముద్రించిన మోడలు పేరును చూచుకొని, దానిని తయారుచేసిన సంస్థ వారి సైటు నుండియే డ్రైవరును దింపుకొనవలెను. ఎవరెవరివో సైట్ల నుండి తెచ్చుట ప్రమాదకరము. మా యింట పనిచేసినది ఈ ఉపాయమే.

పేరు లొకటి, ఫలితములు వేఱు

ఇంకను మిగిలినది ‘నెట్‌వర్క్ రీసెట్’. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగమున ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ క్రింద నిది యుండును. ఇది నెట్‌వర్కునకు సంబంధించిన అమరికలను మాత్రమే తొలి స్థితికి తెచ్చును. పిల్లల ఫైళ్ల జోలికి పోదు. యంత్రము గుర్తుంచుకొన్న వైఫై పాస్‌వర్డులు పోవును గనుక వానిని ముందుగా కాగితముపై వ్రాసికొనవలెను.

‘రీసెట్ దిస్ పి.సి.’ అనునది వేఱు. పేరులో ‘రీసెట్’ ఉన్నంతమాత్రమున రెంటిని ఒకటిగా నెంచరాదు. అందు ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అను దానిని ఎన్నుకొన్నచో పిల్లల వ్రాతలు, ఛాయాచిత్రములు సమస్తమును తుడుచుకొనిపోవును. మఱొక చిక్కు: విండోస్ 11ను పూర్వస్థితికి మరలించు ‘గో బ్యాక్’ అను మీటయు, ఈ ‘రీసెట్ దిస్ పి.సి.’యు ‘రికవరీ’ అను ఒకే పుటలో ప్రక్కప్రక్కన నుండును. నిద్రమత్తులో నున్నప్పుడు గాని, తొందరలో గాని ఆ పుటను తెఱువరాదని నా మనవి.

‘గో బ్యాక్’ సాధారణముగా నవీకరణ జరిగిన 10 దినముల వఱకే లభించును. అయినను విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి సామాన్య మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది గనుక, వెనుకకు పోవుట తాత్కాలికోపాయమే గాని స్థిరనివాసము కాదు.

పాత వైఫై భాగమునకు క్రొత్త విండోస్‌కు సరిపడు డ్రైవరే లేకపోవుటయు కొన్ని యెడల కలదు. అప్పుడును క్రొత్త ల్యాప్‌టాప్ కొననక్కఱలేదు. యు.ఎస్.బి. రంధ్రమున తగిలించు చిన్న వైఫై అడాప్టరు ఆ పనిని నెరవేర్చును.

రెండు హెచ్చరికలు

సహాయ కేంద్రపు ఫోను నెంబరు కొఱకు ఇంటర్నెట్టులో వెదకి, కనబడిన మొదటి నెంబరునకు ఫోను చేయరాదు. తయారీ సంస్థ పేరు పెట్టుకొని మోసగాండ్రు కాచుకొనియుందురు. “మీ యంత్రమును మేమే చూచెదము, ఈ ప్రోగ్రాము వేయుడు” అని వారు చెప్పినట్లు చేసిన, యంత్రము వారి వశమగును. బ్యాంకు ఖాతా కూడ ఖాళీ కావచ్చును. అట్టి మోసము జరిగినచో జాతీయ సైబర్ నేర సహాయ సంఖ్య 1930నకు వెంటనే తెలుపవలెను.

రెండవది ముఖ్యతరము. నవీకరణకు ముందే పిల్లల వ్రాతలను ఒక పెన్ డ్రైవులోనికి ప్రతి తీసి వేఱుగా దాచవలెను. ఇది పావుగంట పని. వైఫై నేడు పోయిన రేపు వచ్చును. డ్రైవరు ఈ యేడు దొరకనిది మఱుసటి యేడు దొరకును. కార్డు చెడిన క్రొత్తది కొనవచ్చును. నాయనమ్మ చెప్పిన కథ మాత్రము ఏ యంగడిలోను దొరకదు. పరాయి గడ్డపై తెలుగును నిలుపుకొనుటకై మనము పడు పాటులో ఆ చిన్న ఫైళ్లును భాగమే. దానిని కాపాడుకొనిన పిమ్మటనే మరమ్మతునకు చేయి వేయవలెనని తల్లిదండ్రులు గ్రహింతురు గాక.