గేరు కేబులును ఇంటివద్ద విప్పుట

కారులోని గేరు కర్ర ఒకనాడు పట్టు తప్పి, గంజిలో గరిటె వలె ఇటునటు ఊగులాడును. గేరు మాత్రము పడదు. గేరుపెట్టెయే చెడినదని యజమాని బెంబేలుపడును. పెక్కుసార్లు చెడినది పెట్టె కాదు, కర్రకును పెట్టెకును నడుమనున్న కేబులు. ఒక్కొక్కప్పుడు కేబులు కూడ కాదు, దాని కొననున్న చిన్న ప్లాస్టిక్ బుష్షు.

2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారులో చిరకాలము గేరు కర్ర స్టీరింగు ప్రక్కనే ఉండెడిది. దాని కదలికను ఇనుప కడ్డీలు పెట్టెకు చేర్చెడివి. ఇంజను అడ్డముగా అమర్చి ముందు చక్రములను నడిపించు నేటి కార్లలో పెక్కింట ఆ పనిని రెండు కేబుళ్లు చేయుచున్నవి. కర్ర ముందువెనుకలకు జరుగుటను ఒకటి, కుడియెడమలకు జరుగుటను మరొకటి మోయును. సైకిలు బ్రేకు వలెనే పైన కదలని తొడుగు, లోపల జారెడు తీగ. అయితే సైకిలు తీగ లాగుటకే. ఇది త్రోయవలసినదియు అగుటచే బిరుసుగా ఉండును.

విప్పుటకు ముందు పరీక్షింపవలెను. ఇంజను ఆపి బానెట్టు ఎత్తి, ఒకరు క్లచ్చి త్రొక్కి కర్రను కదల్చుచుండగా మరొకరు పెట్టె వైపు చూడవలెను. కేబులు కొన కదలకున్నచో తీగ తెగినది, లేదా బిగిసినది. కొన కదలి, పెట్టెమీది చిన్న చేయి కదలకున్నచో బుష్షు ఊడినది. కేబులు జోలికి పోవలసిన పనియే లేకపోవచ్చును. రెండును కదలియు గేరు పడకున్నచో లోపము క్లచ్చిలోనో పెట్టెలోనో వెదుకవలెను. అది మెకానిక్కు పని.

కేబులు ఊడిన పిమ్మట, కారును గేరులో నిలిపితిమన్న ధైర్యము చెల్లదు. పెట్టెమీది చేయి కదిలినచో గేరు జారును, కారు దొర్లును. కావున చదునైన నేల, బిగించిన చేతిబ్రేకు, చక్రములకు ముందువెనుకల చెక్కదిమ్మెలు తప్పనిసరి. క్రిందికి దూరవలసినచో కారును స్టాండ్లపై నిలుపవలెను. ఒంటి జాకీని నమ్మరాదు. ఇటుకలను అసలే నమ్మరాదు, అవి చెప్పి పగులవు.

కర్రను న్యూట్రలులో ఉంచి, బ్యాటరీ నెగటివు తీగను ముందుగా విప్పవలెను. కొన్ని కార్లలో బ్యాటరీని, గాలి వడపోత డబ్బాను తీసినగాని కేబులు కొనలు కనబడవు. ఏ కేబులు ఏ చేతికి పట్టినదో ఫొటో తీసి, రంగుచుక్క పెట్టుకొనుట మేలు. బుష్షుకు పిన్ను ఉన్నచో దానిని తీయవలెను. గుండుపై నొక్కినదైనచో వెడల్పాటి స్క్రూడ్రైవరుతో నిటారుగా లేపవలెను. ప్రక్కకు మెలిపెట్టినచో ప్లాస్టిక్ విరుగును. తొడుగును పట్టియున్న లాడమువంటి క్లిప్పును ప్లయరుతో పైకి లాగినచో ఊడివచ్చును.

లోపల కర్ర చుట్టునున్న పెట్టెను విప్పునపుడు సుత్తి వాడరాదు. పెక్కు కార్లలో ఎయిర్‌బ్యాగు యంత్రము అచటనే ఉండును. బ్యాటరీ విప్పిన పిమ్మట కొన్ని నిమిషములు ఆగియే అచట చేయి పెట్టవలెను. సైలెన్సరు గొట్టము మీదుగా కేబులు పోయినచో అది చల్లారువరకు ఆగవలెను.

పాత కేబులును లాగుటకు ముందు దాని కొనకు ఒక త్రాడు కట్టుడు. పైజామాకు బొందు ఎక్కించునట్లు, క్రొత్తది ఆ త్రాడువెంటనే తన దారిన వచ్చును. ఎక్కించుటకు మునుపే రెంటిని నేలపై ప్రక్కప్రక్కన పరచి పొడవును, కొనలను సరిపోల్చవలెను. బిగించిన పిమ్మట ఇంజను ఆపియుండగనే అన్ని గేర్లను, రివర్సుతో సహా, వేసి చూచి, ఆ తరువాతనే చెక్కదిమ్మెలు తీయవలెను.