ఉమ్మడి గ్రంథ భాండారము

కంచికచర్లకు చేరువనున్న పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులతో కూడి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయమును నెలకొల్పిరి. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. ఒక్కొక్క ఊరి పుస్తకములు అన్ని ఊళ్ళవారికి అందవలెను. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పుస్తకములను పడవలో త్రిప్పిరి!

పడవ కాలువలు లేని మన మెట్ట గ్రామములకు ముందుగా కావలసినది ఉమ్మడి పట్టిక. పాఠశాలలు, కళాశాలలు, ఇండ్లవారు తమ పుస్తకముల పేరు, కర్త, ముద్రణ సంవత్సరము, ఉన్న చోటు అందులో చేర్చవలెను. చోటు వ్రాయుట మరచినచో తక్కినదంతయు వ్యర్థమే. ఒకే గ్రంథమును పది చోట్ల కొను వ్యయము తప్పును. అరుదైన ప్రతి ఎవరి అటకపై నున్నదో తెలిసినచో, చెదలు పట్టక మునుపే దాని పుటలకు ఛాయాచిత్రములు తీయించి అందరికి అందీయవచ్చును.