వేళ్లను నడిపేది ఎవరు?

ఎడమచేత్తో మీ కుడి ముంజేతిని మోచేతికి కాస్త దిగువగా పట్టుకోండి. కుడిచేతి వేళ్లను పియానో వాయిస్తున్నట్టు ఆడించండి. పట్టు కింద ఏదో కదులుతోంది కదూ? వేళ్లను బలంగా ముడిచే, చాచే కండరాలు అక్కడే ఉన్నాయి. వేళ్లలో లేవు! అరచేతిలో ఉన్నవి చిన్నవి. ముంజేతి నుంచి తాళ్లవంటి స్నాయుబంధనాలు మణికట్టు గుండా వచ్చి వేళ్లను లాగుతాయి. తోలుబొమ్మలాట మాదిరే, ఆడించేవాడు తెర వెనకాల!

మణికట్టు లోపలివైపు ఇరుకైన సొరంగం ఉంది. తొమ్మిది స్నాయుబంధనాలూ ఒక నాడీ అందులోంచే పోవాలి. ఇప్పుడు మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించండి. బిగియదు. ముడిచే కండరాలు అప్పటికే కురచబడ్డాయి, వెనకవైపు తాళ్లు బిగుసుకున్నాయి. మణికట్టు తిన్నగా పెట్టండి, పట్టు దానంతటదే వస్తుంది.

అలియాబాద్‌లో మా బడి కుర్రాడొకడు కీబోర్డును మంచం మీద పెట్టి, తాను నేలమీద కూర్చుని సాధన చేసేవాడు. మెట్లు ఛాతీ ఎత్తున ఉండేవి. అరగంటకే మణికట్టు నొప్పి. సాధన చాలక నొప్పి వస్తోందనుకుని ఇంకో అరగంట వాయించేవాడు! బల్ల, కుర్చీ వేయించాం. మోచేయి మెట్ల ఎత్తుకు వచ్చింది. పాదాలు నేలకందలేదు, కింద పీట పెట్టాం. కాళ్లు వేలాడితే నడుము, భుజాలు బిగుసుకుంటాయి మరి. వారం తిరిగేసరికి నొప్పి ఊసెత్తలేదు.

చేతి ఆకారమో? నిలబడి చేయి వదులుగా వేలాడదీయండి. వేళ్లు కొద్దిగా వంగి ఉంటాయి. అదే వంపుతో మెట్లమీదికి తెండి. గోళ్లు మాత్రం కత్తిరించుకోండి! పియానో మెట్టు దిగేది ఒక సెంటీమీటరు, దానికి 50 గ్రాముల బరువు దాదాపు సరిపోతుంది. బాదనక్కరలేదు.

1810లో పుట్టిన జర్మన్ సంగీతకారుడు షూమన్ వేలికి బలం రావాలని ఒక పరికరం వాడాడు. ఇరవై రెండేళ్లు దాటకముందే కుడిచేయి పాడైంది. కారణం పరికరమేనా అన్నదానిపై వైద్యులు నేటికీ వాదించుకుంటున్నారు. పియానో విద్వాంసుడు కావాలన్న కల మాత్రం పోయింది. స్వరకర్తగా మిగిలాడు.

అదే ఏడు పుట్టిన షోపాన్ శిష్యులకు వేరే దారి చూపాడు. హార్మోనియం మీదైనా చూడవచ్చు. రెండు నల్లమెట్ల జంటకు కుడిపక్కనున్న తెల్లమెట్టుపై కుడి బొటనవేలు, తర్వాతి మూడు నల్లమెట్లపై మూడు పొడుగు వేళ్లు, వాటి అవతలి తెల్లమెట్టుపై చిటికెనవేలు పెట్టండి. పొడుగువి ఎత్తున, పొట్టివి పల్లాన! చేయి ఎంత హాయిగా కుదురుకుంటుందో!