ఐర్లండు విప్లవమున న్యాయసభలు

1920వ సంవత్సరపు వేసవిలో ఐర్లండు దేశమున ఒక విచిత్రము జరిగెను. ఇంగ్లీషు ప్రభుత్వపు న్యాయమూర్తులు ఆనవాయితీ ప్రకారము జిల్లాలకు విచ్చేసి కచేరీలు తెరచిరి. పేరు పెట్టి పిలిచినను పలికినవారు లేరు. వాది రాలేదు, ప్రతివాది రాలేదు, జూరీలో కూర్చుండవలసిన పెద్దమనుష్యులును అనేకచోట్ల రాలేదు. వ్యాజ్యములు లేక కాదు. అవి వేఱొకచోట నడచుచుండెను.

ఆ వేఱొకచోటు ఎట్టిదో తెలిసికొన్నచో, పరాధీనదేశమున విప్లవమనగా నేమో కొంత బోధపడును. సాధారణముగా మనము విప్లవమును తుపాకిమోతలతో లెక్కింతుము. ఐర్లండులో అవియు మ్రోగినవి. 1919 మొదలు 1921 జూలై వఱకు గెరిల్లాయుద్ధము సాగినది. దానిని తక్కువచేసి చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని విదేశప్రభుత్వము కేవలము సైన్యముపై నిలువదు. గట్టుతగాదా వచ్చినపుడు రైతు ఎవరి గడప త్రొక్కునో, ఆ గడపయందే ప్రభుత్వము కలదు.

1918 డిసెంబరు ఎన్నికలలో ఐర్లండునకు గల 105 పార్లమెంటు స్థానములలో 73 సిన్ ఫెయిన్ పక్షమునకు దక్కినవి. గెలిచినవారు లండనుకు పోలేదు. వారిలో చెఱసాలల వెలుపలనున్నవారు 1919 జనవరి 21వ తేదీన డబ్లిను నగరమున సమావేశమై, అదియే తమ దేశపు శాసనసభయని ప్రకటించిరి. (డబ్లిను తెలుగువారికి తెలియని ఊరు కాదు. వి.వి. గిరిగారు 1916 వఱకు అచ్చటనే న్యాయశాస్త్రము చదివిరి.)

ప్రకటన సులభము. పరీక్ష 1920లో వచ్చెను. పడమటి జిల్లాలలో భూమిలేని పేదలు పెద్ద కమతముల నాక్రమింపసాగిరి. పోలీసులు పల్లెలలోని ఠాణాలను విడిచిపోవుచుండిరి. తీర్పు చెప్పువారెవరు? మేయో జిల్లాలోని బాలిన్‌రోబ్ పట్టణమున, మే నెలలో, కొత్తసభ పక్షమున ఇద్దఱు మధ్యవర్తులు ఒక భూతగాదాను విచారించిరి. తీర్పు పొలము యజమానుల పక్షమున వెలువడెను! పొలము తమకు పంచిపెట్టుదురని ఆశించినవారు దానిని లెక్కచేయమనిరి. అపుడు విప్లవసేనకు చెందిన యువకులే వారిని పట్టుకొనిపోయి కారిబ్ సరస్సులోని దీవిలో నిర్బంధించిరి. కొలదిదినములకు వారు తీర్పునకు తలయొగ్గిరి.

ఈ ఘట్టము మనకు రుచింపకపోవచ్చును. పేదవాని నోరు మూయుటకా విప్లవము అని అడుగవచ్చును, అడుగుట న్యాయమే. అయినను, తనవారికి కష్టమైన తీర్పును సైతము చెల్లించుకొనగలిగిన నాడే ఆ సభ ప్రభుత్వమైనది. జూన్ నెలలో గ్రామసభలు, జిల్లాసభలు, వానిపై ఉన్నతన్యాయసభయు శాసనబద్ధముగా ఏర్పడినవి. గ్రామసభలలో స్త్రీలును తీర్పరులుగా కూర్చుండిరి. ఆగస్టులో ఇంగ్లీషు ప్రభుత్వము కఠినశాసనము తెచ్చిన పిమ్మట విచారణలు చాటుమాటున, పశువులకొట్టములలోను పాడుపడిన యిండ్లలోను జరిగినవి. చిత్రమేమనగా, అచ్చట నడచినది చాలవఱకు పాత ఇంగ్లీషు చట్టమే. ప్రాచీన ఐరిష్ ధర్మశాస్త్రమును ఉదాహరించుటకు అనుమతి యుండెను గాని అక్కఱ తఱచుగా కలుగలేదు. మాఱినది చట్టము కాదు, దానిని ఎవరి పేర చెప్పిరన్నది.

మన దేశమునను 1920-21లలో సహాయనిరాకరణోద్యమము కోర్టులను బహిష్కరింపుమనెను. ప్రకాశముగారు గొప్ప ఆర్జనగల న్యాయవాదవృత్తిని త్యజించిరి. పంచాయితీలును వెలసినవి, కాని త్యాగము నిలిచినంతగా అవి నిలువలేదు. న్యాయవాది విడిచిన కోర్టునకు కక్షిదారు మరల పోయెను.

ఐర్లండు కథకు మఱియొక మలుపు కలదు. 1921 డిసెంబరు 6వ తేదీన సంధి జరిగెను. సంధిని అంగీకరించినవారికిని వ్యతిరేకించినవారికిని 1922 జూన్‌లో అంతర్యుద్ధము చెలరేగెను. జూలైలో ఒక తండ్రి, కొత్తప్రభుత్వము నిర్బంధించిన తన కుమారునికై ఆ విప్లవ న్యాయసభనే ఆశ్రయించెను. న్యాయమూర్తి క్రౌలీ, నిర్బంధమునకు కారణము చూపుమని ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. ప్రభుత్వము కారణము చూపలేదు, ఉన్నతన్యాయసభనే రద్దుచేసెను. పిదప క్రౌలీయు చెఱసాల పాలయ్యెను. విదేశీయుడు అణచలేని న్యాయసభను స్వదేశప్రభుత్వము ఒక్క ఉత్తరువుతో అణచినది. 1924లో కొత్త న్యాయస్థానములు వచ్చినవి. వానితోపాటు ఇంగ్లీషువారి నాటి విగ్గులు, గౌనులు నిలిచిపోయినవి.

అయితే పల్లెప్రజలు కొట్టములలో పొందిన తీర్పులు వేలకొలది మిగిలియుండెను. వానిపై పొలములు చేతులు మాఱినవి, అప్పులు తీఱినవి. వానిని కాదనుటకు ఆ ప్రభుత్వమునకు సాధ్యము కాలేదు. 1923లో ప్రత్యేక శాసనము చేసి, అధికారులను నియమించి, ఆ తీర్పులను నమోదు చేయించుకొనవలసివచ్చెను.