పిస్‌దురా రాళ్లలో ఎముక ఏది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, వరోరా దగ్గరి పిస్‌దురాలో దాదాపు 7 కోట్ల ఏళ్ల కిందటి లమేటా అనే రాతి పొరల నుంచి డైనోసార్ ఎముకలు బయటపడతాయి. 19వ శతాబ్దిలోనే స్టీఫెన్ హిస్లాప్ ఇక్కడ శిలాజాలు సేకరించాడు. ఆ ఎముకల్లోని ముఖ్య ఖనిజం అపటైట్, అంటే కాల్షియం ఫాస్ఫేట్. చిక్కల్లా లమేటా పొరల్లో సున్నపు (కాల్సైట్) గుళికలూ ఉండటమే; ఒక్క రంగును నమ్ముకుంటే మోసపోతాం.

ఆమ్లం చుక్క వేస్తే తేలిపోదా? పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే కాల్సైట్ బుసబుసా పొంగుతుంది, అపటైట్ దాదాపు పొంగదు. కానీ ఎముక రంధ్రాల్లో తర్వాత కాల్సైట్ చేరి ఉంటే అదీ పొంగుతుంది. గట్టిదనం కొంత సాయం చేస్తుంది: మోస్ కొలతలో కాల్సైట్ 3, అపటైట్ 5. నైట్రిక్ ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్‌తో పసుపు మడ్డి ఏర్పడితే ఫాస్ఫేట్ ఉందనడానికి బలమైన సూచన. అయినా అది ఎముక అవునో కాదో తేల్చదు. అందుకు భూతద్దంలో ఎముక లోపలి సన్నని రంధ్రాల అల్లిక కనిపించాలి. ఈ గుర్తులన్నీ ఒకే మాట చెప్పినప్పుడే నిర్ణయానికి రావాలి.

ప్రయోగశాలలో ఎక్స్‌రే పరీక్ష ఉండగా రాళ్లు దొరికిన చోటే ఈ తంటా ఎందుకంటారా? ప్రయోగశాల ఖనిజం పేరు చెబుతుంది. ఆ ముక్క ఏ పొరలో, దేని పక్కన దొరికిందో చెప్పలేదు. పైగా దొరికిన చోట ఏరకుండా వదిలేసిన రాయి ప్రయోగశాలకు చేరనే చేరదు. పిస్‌దురాలోని శిలాజ పేడలో గడ్డి ఆనవాళ్లున్నాయని 2005లో వెల్లడైంది. డైనోసార్ల కాలంలో గడ్డి లేదన్న అభిప్రాయం దాంతో మారింది. ఆ పేడ ముక్కలను పనికిరాని రాళ్లని పారేసి ఉంటే ఆ సంగతి మనకు దక్కేది కాదు.